మీ పిల్లలు చదువుతున్నారా, అప్పజెబుతున్నారా? ఇంట్లోనే అరగంటలో తెలుసుకోవడం ఎలా

"రెండో తరగతి తెలుగు వాచకం మొత్తం గడగడా చదివేస్తాడండీ, కానీ బయట ఏదైనా బోర్డు చూపించి చదవమంటే నోరు మెదపడు, ఎందుకంటారు?" అని అడిగేవాళ్లు చాలామంది. "బడిలో ఏ గ్రేడే ఇచ్చారు, మరి ఇంట్లో చదవలేకపోతోంది" అనేది దీనికి తోడుగా వచ్చే ఇంకో ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకటే. పాఠం పదిసార్లు విన్న పిల్లకు అది నోటికి వచ్చేస్తుంది, వేలు అక్షరాల మీద కదులుతూనే ఉంటుంది, కళ్లు మాత్రం బొమ్మ మీద ఉంటాయి. చదవడం వచ్చిందో లేదో తెలియాలంటే ఇంతకుముందు ఎన్నడూ చూడనిది ముందు పెట్టాలి. కింద చెప్పినదంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

ఇది ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు, అంటే అంగన్‌వాడీ లేదా యూకేజీ చివర నుంచి మూడో తరగతి దాకా. విదేశాల్లో పెరుగుతూ తెలుగు ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లలైతే వయసు లెక్క వదిలేయండి, పదేళ్ల పిల్లకైనా ఇదే వరసలో చూడొచ్చు.

కావలసినవి

నాలుగు తెల్లకాగితాలు, నల్ల స్కెచ్ పెన్ను, మీరు గుర్తులు పెట్టుకోవడానికి ఒక నోటుపుస్తకం, సెకన్లు చూపించే ఫోను. అక్షరాలు పెద్దగా, తరగతి వాచకంలో ఉన్న రూపంలోనే రాయండి. పెళ్లి శుభలేఖల్లో కనిపించే వంపుల అక్షరాలు, ఫోన్లో వచ్చే అలంకారపు ఫాంట్లు వద్దు, వాటిలో ఒత్తులు పెద్దవాళ్లకే సరిగా కనిపించవు. బొమ్మలు అసలే వద్దు. బొమ్మ ఉంటే పిల్ల బొమ్మను చదువుతుంది.

పొద్దున పూట, కడుపు నిండి ఉన్నప్పుడు, టీవీ ఆపి కూర్చోండి. చుట్టూ అన్నయ్యలు, అక్కలు, బాబాయిలు చేరకుండా చూసుకోండి. పక్క నుంచి ఎవరో ఒకరు అందించేస్తారు, అంతటితో మీరు చూస్తున్నది పక్కవాళ్ల చదువు అవుతుంది. "పరీక్ష" అనే మాట కూడా వాడకండి. "నేనొక చిన్న కథ రాశాను, చదివి పెడతావా?" అంటే చాలు.

1. ముందు చెవి సంగతి చూడండి

ఇది ఐదారేళ్ల వాళ్లకు, ఇంకా పెద్దవాళ్లయినా అక్షరాల దగ్గరే ఆగిపోయినవాళ్లకు. కాగితం అక్కర్లేదు, అంతా నోటితోనే. మాటలో ఏయే సడులు ఉన్నాయో చెవికి విడివిడిగా తెలియని పిల్లకు అక్షరాలు ఎన్ని దిద్దించినా అవి కలిసి మాటగా మారవు.

- మాట చెప్పి చప్పట్లు కొట్టమనండి. పలకకు మూడు, అరటిపండుకు ఐదు.
- మీరు ముక్కలుగా చెప్పండి, తను కలిపి చెప్పాలి: "గు... డి... సె".
- "మామ, మాట, చేప, వీటిలో వేరేగా మొదలయ్యేది ఏది?"
- "కుండ, ఎండ, మేక, బండ" అని చెప్పి జత కలవనిది ఏదో అడగండి.
- "చిలకలో చి తీసేస్తే ఏం మిగులుతుంది?" ఇది కష్టమైనది, ఆరేళ్లలోపు రాకపోయినా టెన్షన్ పడకండి.

ఒక్కోదానికి ముందు మీరే ఒక ఉదాహరణ చేసి చూపించండి. ఆట అర్థం కాక చెప్పలేకపోవడం వేరు, వినికిడిలో తేడా తెలియకపోవడం వేరు. మొదటి నాలుగూ తేలిగ్గా వస్తుంటే ముందుకు వెళ్లండి. రెండో తరగతి పిల్ల కూడా చప్పట్ల దగ్గరే తడబడుతుంటే, మిగతావి చేసినా చేయకపోయినా, ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసి చెవి పోటు వచ్చే పిల్లల్లో వినికిడి కొంచెం తగ్గినా ఇంట్లో ఎవరికీ తెలియదు.

2. నాలుగు వాక్యాలతో మొదలుపెట్టండి

అ ఆ ల నుంచి కాకుండా మధ్యలో నుంచి మొదలుపెట్టడం మేలు. పిల్లల చదువుల మీద పనిచేసే ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూస్తున్న అసర్ సర్వేలో కూడా ఇలాగే చేస్తారు. ముందు చిన్న పేరా ఇస్తారు, వస్తే కథకు వెళ్తారు, రాకపోతే పదాలకు, అవీ రాకపోతే అక్షరాలకు దిగుతారు. పదినిమిషాల్లో పిల్ల ఎక్కడ ఉందో తేలిపోతుంది, చిన్నారి అలిసిపోదు. ఒకటో తరగతి ఇప్పుడే మొదలైనవాళ్లకు మాత్రం కింద ఐదో మెట్టు నుంచి పైకి రండి.

ఈ పేరా రాసుకోండి. కావాలనే దీంట్లో ఒత్తులు పెట్టలేదు.

మాకు ఒక మేక ఉంది.
దాని పేరు గౌరి.
అది రోజూ వేపాకులు తింటుంది.
నేను దానితో ఆడుకుంటాను.

చదువుతున్నంతసేపూ మీరు నోరు తెరవకూడదు. పెద్దలకు ఇదే అన్నిటికన్నా కష్టం. తప్పు చదివిన చోట సరిచేయాలని, "ఊఁ, తర్వాత?" అనాలని నాలుక దురద పెడుతుంది. ఆగిపోతే మూడు నాలుగు సెకన్లు చూడండి, అప్పటికీ రాకపోతే "సరే, తర్వాతది చూడు" అనండి, అంతే. ముఖం కూడా చిట్లించకండి. పిల్లలు అక్షరాల కంటే ముందు అమ్మ ముఖమే చదువుతారు, మీ కనుబొమ్మలు కదలగానే తను చెప్పిన మాట మార్చేస్తుంది.

మూడు కంటే తక్కువ తప్పులతో, వాక్యంలా చదివితే (నెమ్మదిగా అయినా సరే) మూడో మెట్టుకు వెళ్లండి. "మా... కు... ఒ... క..." అంటూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరికి వాక్యం ఏమిటో చెప్పలేకపోతే నాలుగో మెట్టుకు దిగండి.

3. కథ

శనివారం రాత్రి పెద్ద వాన కురిసింది. పొద్దున్నే లేచి చూశాం. మా పెరట్లో జామచెట్టు కొమ్మ విరిగి పడింది. కొమ్మకు ఒక పిట్టగూడు ఉంది. గూటిలో రెండు పిల్లలు ఉన్నాయి. అవి చలికి వణుకుతున్నాయి. తమ్ముడు వాటిని ముట్టుకోబోయాడు. అమ్మమ్మ వద్దని చెప్పింది. తాతయ్య కొమ్మను మెల్లగా ఎత్తి గోడ మీద పెట్టాడు. కాసేపటికి తల్లి పిట్ట వచ్చింది. దాని నోట్లో పురుగు ఉంది.

ఇందులో 46 మాటలు ఉన్నాయి. మొదటి మాట దగ్గర ఫోనులో టైమరు మొదలుపెట్టండి, పిల్లకు కనిపించకుండా. మీ దగ్గర ఇంకో ప్రతి ఉంచుకుని తప్పు చదివిన మాట కింద గీత పెట్టండి, వదిలేసిన మాట చుట్టూ సున్న చుట్టండి, తప్పు చదివి తనే దిద్దుకుంటే "ది" అని రాసుకోండి. తనే దిద్దుకున్నది తప్పు కాదు. అర్థం కుదరలేదని తనకే తెలిసి వెనక్కి వచ్చిందంటే అది మంచి చదువరి లక్షణం.

చదవడం అయ్యాక కాగితం తన దగ్గరే ఉంచి ఈ ప్రశ్నలు అడగండి.

- వాన ఎప్పుడు పడింది?
- గూటిలో ఏమున్నాయి?
- తమ్ముడు ఏం చేయబోయాడు?
- తల్లి పిట్ట పురుగు ఎందుకు తెచ్చింది?

చివరిదానికి జవాబు కథలో రాసి లేదు, తను ఆలోచించుకోవాలి. మీరు సొంతంగా కథ రాసుకుంటే ప్రశ్నల దగ్గర జాగ్రత్త. "పిట్టలు గూడు ఎక్కడ కడతాయి?" లాంటిది చదవకుండానే చెప్పేయొచ్చు, అది అడిగి లాభం లేదు.

ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే పిల్లలైతే ప్రశ్నలు ఆ భాషలోనే అడగండి, జవాబు ఆ భాషలో చెప్పినా ఒప్పుకోండి. అర్థమైందో లేదో చూస్తున్నాం, తెలుగులో ఎంత బాగా జవాబు చెబుతుందో కాదు.

వేగం లెక్క ఇలా: సరిగ్గా చదివిన మాటలను 60తో గుణించి పట్టిన సెకన్లతో భాగించండి. 46లో 5 తప్పులు పోగా 41 సరైనవి, 82 సెకన్లు పట్టింది అనుకోండి, నిమిషానికి 30 మాటలు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవగలగాలి. నా మాట వింటే ఈ అంకెను పట్టుకుని పిల్లను తరమకండి. తెలుగులో "ముట్టుకోబోయాడు" కూడా ఒక్క మాటే, "ఒక" కూడా ఒక్క మాటే, కథ మారితే అంకె మారుతుంది. అదే పిల్ల మూడు నెలల కిందట ఎంత, ఇప్పుడు ఎంత అని చూసుకోవడానికి అది పనికొస్తుంది, పక్కింటి పిల్లతో పోల్చడానికి పనికిరాదు. 35 మాటల వేగంతో చదివి నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పిన పిల్ల, 70తో పరుగెత్తి ఒక్కటీ చెప్పలేని పిల్ల కంటే ముందుంది.

4. పదాలు, ఒత్తులు

పేరా దగ్గర ఆగినవాళ్లకు ఇది. మూడు వరసలుగా రాయండి, ఒక్కో వరసలో ఐదు.

- గుర్తులు లేనివి: పలక, తల, వల, అరక, మర
- గుణింతాలు ఉన్నవి: చీమ, గోడ, పూలు, మేకు, తాళం
- ఒత్తులు ఉన్నవి: అక్క, మొగ్గ, పుస్తకం, చక్రం, సూర్యుడు

ఐదింటిలో నాలుగు వస్తే ఆ వరస వచ్చినట్టే లెక్క. ఏ వరసలో ఆగిందన్నదే అసలు కబురు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే గుణింతాల దగ్గర పని ఉంది, మూడోది రాకపోతే ఒత్తుల దగ్గర. రెండో తరగతిలో ఒత్తుల దగ్గర ఆగడం చాలా మామూలు, దానికి గాబరా వద్దు. మన లిపిలో నేర్చుకోవలసిన రూపాలు వందల్లో ఉంటాయి, అవన్నీ కుదురుకోవడానికి ఏళ్లు పడుతుంది. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా కనిపించనే కనిపించవు, వాటిని విడిగా నేర్పాల్సిందే.

ఇక్కడ ఒక తప్పును ప్రత్యేకంగా గమనించండి. "చక్రం"ను "చర్కం" అని, "సూర్యుడు"ను "సూయ్రుడు" అని చదివితే పిల్లకు ఒత్తు తెలుసు, ఏది ముందు పలకాలో తెలియదు. ఒత్తులు మళ్లీ పది పేజీలు రాయిస్తే ఇది పోదు. పై అక్షరాన్ని పొల్లుగా పలికి కిందిది కలపడం నోటితో చేయించాలి: చ, క్, రం.

తర్వాత ఈ జతలు చదివించండి: పలు, పాలు. విధి, వీధి. పుట, పూట. మెడ, మేడ. ఒడి, ఓడి. గడి, గడ్డి. మొన, మొన్న. ఒక జతలో రెండింటినీ ఒకేలా చదివిందంటే గుర్తును చూడకుండా మాట ఆకారం చూసి ఊహిస్తోందని అర్థం.

ఊహిస్తోందా, చదువుతోందా అన్న అనుమానం ఇంకా మిగిలితే అర్థం లేని మాటలు ఇవ్వండి: కమిలో, పురటే, దెమాకి, సూగబి, నొలాతు. "ఇవి చందమామ మీద ఉండేవాళ్ల పేర్లు" అని చెబితే సరదాగా చదువుతారు. నోటికి వచ్చిన మాట ఏదీ ఇక్కడ సాయపడదు, అక్షరాన్ని చూసి పలకాల్సిందే. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు పెడుతున్న ఫోనిక్స్ (అక్షరాల సడులు కలిపి చదవడం) పరీక్షలో 40 మాటలుంటే సగం ఇలాంటివే. "కమిలో"ను "కమల" అని చదివితే ఊహిస్తోందన్నమాట.

5. గుణింతాలు, అక్షరాలు

వరసగా మాత్రం అడగకండి. "క కా కి కీ" పాటలా పాడేస్తారు, "ఘ" దాకా ఆగకుండా వెళ్లిపోతారు, మధ్యలో వేలు పెట్టి ఆపితే అదేమిటో చెప్పలేరు. కలగాపులగంగా రాయండి: కో, మి, తూ, పె, సా, రై, నొ, బు, లీ, గే. తర్వాత అక్షరాలు: మ, గ, స, ల, డ, వ, న, ప, బ, య. పదింటిలో ఎనిమిది వస్తే వచ్చినట్టే. మొదటి ఐదూ తప్పితే అక్కడితో ఆపేయండి, మిగతావి చూపించి ఏడిపించొద్దు.

తప్పిన అక్షరాలను జతలుగా చూడండి. మ–య–ఘ, ప–వ–ష, ఉ–డ, ద–ధ–థ, బ–భ, ఎ–ఏ, ఒ–ఓ, వీటిలో ఒకదానికి ఒకటి చెబుతోందంటే అక్షరం రాక కాదు, తేడా గీత ఎక్కడుందో కంటికి ఆనక. రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా ఉన్న చోట ఎర్ర పెన్నుతో దిద్దితే వారంలో మార్పు కనిపిస్తుంది. "మొ", "యొ" లాంటివి మిగతా ఒత్వాల్లా ఉండవు, అవి తప్పితే లెక్కలోకి తీసుకోకండి.

ఏది తప్పు, ఏది కాదు

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూడా పిల్లలకు అన్యాయం చేస్తారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. కథలో "పెట్టాడు" అని ఉంటే తెలంగాణ పిల్ల "పెట్టిండు" అని చదివిందనుకోండి. అక్షరాలు చూసింది, అర్థం చేసుకుంది, తన ఇంటి మాటలో చెప్పింది. అది చదవలేకపోవడం కాదు. కింద గీత పెట్టకండి, కానీ తర్వాత విడిగా ఆ మాట చూపించి "ఇక్కడ ఏముందో అచ్చంగా అదే చదువు" అని అడిగి చూడండి, చదివేస్తే ఏ ఇబ్బందీ లేదు. అలాగే శను స అని, ణను న అని, ళను ల అని పలకడం, ధ భ ల్లో ఒత్తి పలకకపోవడం. ఇంట్లో మీరు ఎలా పలుకుతారో ఒకసారి విని చూసుకోండి. ఇంట్లో ఎవరూ పలకని ధ్వనిని ఆరేళ్ల పిల్ల పలకలేదని తప్పు వేయడం న్యాయం కాదు. ముందు పళ్లు ఊడిన పిల్లలకైతే ఇంకా సడలింపు ఇవ్వాలి.

నిజంగా తప్పు అనుకోవలసినవి ఇవి: దీర్ఘం వదిలేయడం, ఒత్తు మింగేయడం, మాట మొదలు చూసి చివర ఊహించడం ("వణుకుతున్నాయి"ని "వస్తున్నాయి" అనడం లాంటివి), వరస దాటేయడం. చివరిది పదేపదే జరిగితే, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుంటుంటే, కళ్లు చూపించండి.

ఇంగ్లీషు ఫోనిక్స్ కూడా చూడాలంటే

వేరే రోజు చూడండి. వరస ఇదే, ఒక్క తేడా గుర్తుంచుకోండి: అక్షరం పేరు కాదు, సడి అడగాలి. "బీ" కాదు, "బ్". మన పిల్లలు అలవాటుగా "బ" అని అకారం చేర్చి పలుకుతారు, అందుకే "కప్" అనే మాటను "క, అ, ప" అని విడదీసి, కలిపేటప్పుడు "కప" అంటారు. పొల్లుతో "క్, అ, ప్" అని చెప్పించండి, కలపడం ఒక్కసారిగా తేలికవుతుంది. తెలుగులో బాగా చదువుతూ ఇంగ్లీషులో మాత్రం తడబడుతుంటే, నేర్పడంలో ఎక్కడైనా ఒక మెట్టు దాటేశారేమో ముందు చూడండి.

వచ్చిన ఫలితాన్ని నమ్మొచ్చా?

రెండు మూడు రోజులు ఆగి, అదే స్థాయిలో వేరే మాటలతో, వేరే కథతో ఇంకోసారి చూడండి. రెండుసార్లూ ఒకే మెట్టు దగ్గర ఆగితే ఫలితం సరైనదే. బాగా తేడా వస్తే మూడోసారి చూడాలి, అదీ మీరు కాకుండా పిల్లకు చనువున్న అత్తో మామయ్యో అయితే మంచిది. సిగ్గరి పిల్లలు అడిగితే చదవరు. వాళ్లను చిన్న తమ్ముడికి కథ చదివి వినిపించమనండి, మీరు పక్క గదిలో నుంచి వినండి.

ఆగిన మెట్టు తెలిశాక రోజూ పావుగంట ఆ మెట్టు మీదే పని చేయండి. కథ చదవలేని పిల్లకు ఇంకా కథలు ఇచ్చి కూర్చోబెట్టడం, అక్షరాలన్నీ వచ్చిన పిల్లతో మళ్లీ అ ఆ లు దిద్దించడం, రెండూ రోజు వృథా చేసేవే. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత కొత్త కాగితంతో మళ్లీ చూడండి. వారం వారం చూడొద్దు, పిల్లకు కాగితమంటేనే భయం పట్టుకుంటుంది.

మూడో తరగతికి వచ్చి, బడికి రోజూ వెళ్తూ, ఇంట్లో కూడా కొన్ని నెలలు సరైన మెట్టు నుంచి నేర్పినా పదాల దగ్గరే ఉండిపోతే అప్పుడు నిపుణులకు చూపించాలి. మీకై మీరు డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) అని పేరు పెట్టేయకండి, బద్ధకం అని కూడా అనకండి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను, లేదా జిల్లా పెద్దాసుపత్రిలోని డీఈఐసీని (పిల్లల ఎదుగుదల ఇబ్బందులను చూసే కేంద్రం) అడగండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది కాబట్టి, నిర్ధారణ అయితే బడిలో సాయం అడిగే హక్కు మీకుంది.

మీరు గుర్తులు పెట్టిన కాగితాల మీద తేదీ వేసి దాచండి. టీచరు దగ్గరకు వెళ్లినప్పుడు "మావాడు చదవట్లేదు సార్" అంటే ఆయనకు చేయగలిగింది తక్కువ. "గుణింతాల పదాలు ఐదింటిలో ఐదూ వస్తున్నాయి సార్, ఒత్తుల్లో ఒకటే వస్తోంది, రకార ఒత్తు తిరగేసి చదువుతున్నాడు" అని కాగితం చూపిస్తే ఆ మర్నాటి నుంచే ఏం చేయాలో ఆయనకు తెలుస్తుంది.